తలుపు అలారం రాని రోజులు

టెలిఫోన్ శాఖలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు. "మేడమ్, అరకులో అన్నేళ్లు ఒక్కరే ఎలా ఉన్నారు?" అక్కడ ఏం పని చేశానో మాత్రం ఎవరూ అడగరు. నిజానికి రెండింటికీ జవాబు ఒకటే. నా పనిలో ఎక్కువ భాగం చదవడం. మనుషులు రాసింది కాదు, మెషిన్లు రాసింది. పొద్దుటి నుంచి అది చదివి, పనికొచ్చే నాలుగు వరసలు ఏరి పైకి పంపడం. అలా చదువుకునే మనిషి పక్కన ఇంకొకరు ఉండాలని ఆఫీసుకి తోచదు. కొన్నాళ్లకి ఆ మనిషికీ తోచదు.

ప్రమోషన్ల సంగతీ, ఫైళ్ల సంగతీ రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. నాకు పని నేర్పిన ఒక పెద్దాయన గురించి, నేను చేతికింద పనిచేసిన ఇంకొక ఆఫీసరు గురించి, గొంతు తప్ప మొహం తెలియని ఒక తోటి ఉద్యోగి గురించి రాస్తాను.

వరసలు

తొంభైల చివర నన్ను అరకు ఎక్స్ఛేంజ్‌కి వేశారు. మాది విజయనగరం పక్క. నాన్న పోయాక తమ్ముళ్ల చదువులూ పెళ్లిళ్లూ అయ్యేసరికి నా పెళ్లి మాట ఎత్తడం ఇంట్లో మానేశారు, నేనూ మానేశాను. పెళ్లి కాని మనిషి కదా, కొండ మీదకి పంపినా అడ్డు చెప్పదని వేశారనుకుంటాను. క్వార్టర్ ఎక్స్ఛేంజ్ వెనకే. గడప దాటి పాతికడుగులు వేస్తే ఆఫీసు. చలికాలంలో ఆ పాతికడుగుల్లోనే చీర కుచ్చెళ్లు మంచుకి తడిసిపోయేవి. కిటికీలోంచి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కింద కాఫీ తోట. సాయంత్రం గేటు వేశాక మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు.

మా కింద కొండల మీద చిన్న చిన్న రిపీటర్ స్టేషన్లు ఉండేవి. ఒక కొండ మీది సిగ్నల్‌ని అందుకుని ఇంకో కొండకి అందించడం వాటి పని. అవి ఆగితే ఏజెన్సీలో సగం ఊళ్లకి ఫోను ఉండదు. ప్రతి స్టేషనూ తన దగ్గర ఏం జరిగినా మా కంప్యూటర్‌కి ఒక వరస రాసి పంపేది. ముందు స్టేషన్ పేరు, తర్వాత తేదీ, టైము, చివర సంగతి. లింకు పోయింది, లింకు వచ్చింది, బ్యాటరీ తగ్గింది, జనరేటర్ మొదలైంది, తలుపు తెరిచారు, తలుపు మూశారు. ఈ వరసలన్నీ చేరే ఫైలునే లాగ్ అంటారు. తెల్లారేసరికి వేల వరసలు. వాటిలో నిజమైన తేడా ఎక్కడుందో పట్టుకోవాలి.

నేను వెళ్లిన కొత్తలో ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివేదాన్ని. మా పై ఆఫీసరు మూర్తి గారు ఒకరోజు వెనక నిలబడి చూశారు. రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న మనిషి, మోకాళ్ల నొప్పులు, కళ్లద్దాలకి దారం కట్టుకునేవారు.

"అమ్మా, కళ్లతో వెతికితే నువ్వు అనుకున్నదే కనబడుతుంది. ఇటు జరుగు," అని కుర్చీ లాక్కున్నారు.

టెక్స్ట్ ఎడిటర్ అనే మామూలు ప్రోగ్రాంలో ఫైలు తెరిచి, వెతికే పెట్టెలో నాలుగు గుర్తులు కొట్టారు. వేల వరసల్లో పదో పన్నెండో మిగిలాయి. నాకు గారడీలా అనిపించింది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఒక మాటని కాకుండా, ఆ మాట ఎలా ఉంటుందో దాని తీరుని చెప్పి వెతకడం. టోపీ గుర్తు పెడితే వరస మొదట్లోనే చూడమని. డాలరు గుర్తు పెడితే చివర్లో. చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. నక్షత్రం అంటే ముందున్నది ఎన్నిసార్లున్నా, అసలు లేకపోయినా సరే. నిలువు గీత అంటే ఇదైనా అదైనా. ఇంతే. మిగిలిందంతా అభ్యాసం.

"చుక్కా నక్షత్రం కలిస్తే ఆశపోతులమ్మా. ఎంత మింగగలిగితే అంతా మింగేస్తాయి, జాగ్రత్త," అన్నారు.

అన్నట్టే వారం తిరగకుండా నేను టైము ఒక్కటీ తీసేద్దామని కొట్టిన గుర్తులు ప్రతి వరసలోనూ టైముతో పాటు సంగతిని కూడా మింగేశాయి. స్టేషన్ పేర్లు తప్ప ఫైల్లో ఏమీ మిగల్లేదు. ఆయన కోప్పడలేదు, నవ్వారు. "అసలు ఫైలు ముట్టుకోకు. నకలు తీసి దాని మీద కత్తి పెట్టు," అన్నారు. ఈ ఒక్క మాట పాటిస్తే మీ సర్వీసులో సగం ఏడుపులు తప్పుతాయి.

పందిరిమెట్ట

పందిరిమెట్ట స్టేషన్ లింకు రోజూ కొన్ని సెకన్లు పోయి వచ్చేది. మంచు వల్లనని అందరూ అనేవారు. మూర్తి గారు ఒప్పుకోలేదు. "లింకు పోయిన వరస చూడకు. దానికి ముందు వరస చూడు," అన్నారు. ఏరి చూస్తే ప్రతిసారీ ముందు వరస ఒకటే: జనరేటర్ మొదలైంది. మంచుతో సంబంధమే లేదు.

స్టేషన్ల మధ్య మాట్లాడుకోవడానికి సర్వీస్ ఫోన్ అని ఒకటి ఉండేది. పందిరిమెట్టకి చేసి సంగతి చెప్పాను. అవతల టెక్నీషియన్ కాసేపటికి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"మేడమ్, జనరేటరు ఆడతంటే మెషిన్లెట్టిన రాకు కూడా అదిరిపోతన్నాది. ఎనకాల కనెక్టరు వొదులైపోనాది. బిగించీసినాను. ఇప్పుడు సూడండి."

ఆ రోజు నుంచి లింకు పోలేదు. ఆ గొంతు సోమన్నది.

అనంతగిరి పక్క కొండ ఊరతను. డిప్లొమా చదివి ఉద్యోగంలోకి వచ్చాడు. పందిరిమెట్ట మీద ఇద్దరు టెక్నీషియన్లు వారం మార్చి వారం ఉండాలి. రెండో అతను సెలవులో ఎక్కువ, పనిలో తక్కువ. అందుచేత సోమన్నే వారాల తరబడి పైన ఉండిపోయేవాడు. మెషిన్ల గది, అతను పడుకునే మూల, అన్నీ ఒకే కప్పు కింద. ఒకటే తలుపు. నీళ్ల కుండీ, మరుగుదొడ్డి బయట.

పొద్దున్నే స్టేషన్లన్నీ సరిగా ఉన్నాయా అని అడగడం నా పని. మిగతా స్టేషన్ల వాళ్లు "ఓకే మేడమ్" అని పెట్టేసేవారు. సోమన్న పెట్టేవాడు కాదు. నేనూ పెట్టేదాన్ని కాదు. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ మేడమ్ అనడం పోయి అప్ప అనడం వచ్చింది. మా ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క.

"అప్పా, టీ అయ్యిందేటి?"

"అయింది తమ్ముడూ. నీకు?"

"నాకు పాలు నేవు. డికాసనే. ఇయాల మబ్బంతా కిందుండిపోనాది. నానొక్కడినే మీదున్నాను. మీ అరకు అవుపడ్డం నేదు."

నా కంప్యూటర్ తన గురించి కూడా రాస్తుందని తెలిసినప్పుడు తెగ ముచ్చటపడ్డాడు. "నా గురించి ఏటి రాసింది, సదువు," అనేవాడు. తలుపు తీశావు, మూశావు, మళ్లీ తీశావు అని చదివేదాన్ని.

"మొదటిది నీళ్లకి. రెండోది ఉడత వొస్తే తోలడానికి. మూడోది అడక్కు అప్పా."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. రోజు మొత్తంలో నేను గొంతెత్తి నవ్వేది అప్పుడే. అతని భార్య పేరు తెలుసు, కూతురికి లెక్కలు రావని తెలుసు, కందికొత్తల పండక్కి ఊరు వెళ్లలేకపోతే రెండు రోజులు మాట సరిగా రాదని తెలుసు. మనిషి పొడుగో పొట్టో తెలియదు. పందిరిమెట్ట ఎక్కాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు. అతనికి అరకు ఆఫీసుతో పని లేదు. జీతం బ్యాంకులో పడేది.

శుభ్రమైన రిపోర్టు

మూర్తి గారు రిటైరయ్యాక కొత్త ఆఫీసరు వచ్చారు. పేరు రాయను. చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పాలి. డబ్బు ముట్టుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. భయస్తుడు. పైనుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. రిపోర్టు పొడుగ్గా ఉంటే పైవాళ్లు ప్రశ్నలు వేస్తారని ఆయన బెంగ.

"ఈ తలుపుల గోల ఎందుకండీ రిపోర్టులో? తీసేయండి," అన్నారు వచ్చిన వారానికే.

తీసేశాను. తీసేయడం తప్పని ఇప్పటికీ అనను. రోజుకి వందలకొద్దీ తలుపు వరసలు నిజంగానే అడ్డం. అక్కర్లేని వరసలన్నిటి తీరులూ నిలువు గీతలతో కలిపి ఒకే పొడుగాటి ఎక్స్‌ప్రెషన్ కట్టాను. నకలు తెరిచి ఒక్క మీట నొక్కితే వేల వరసలు రాలిపోయి ఏడో ఎనిమిదో మిగిలేవి. దాన్ని చూసి గర్వపడ్డాను కూడా. చూపించడానికి ఎవరూ లేరు, అంతే.

ఆయన రెండో ఆజ్ఞ సర్వీస్ ఫోన్ మీద. ఒక ఉదయం నేను నవ్వుతుండగా గదిలోకి వచ్చారు. నేను ఫోన్ పెట్టేదాకా నిలబడి, స్టాఫ్ అందరి ముందూ అన్నారు.

"అది ప్రభుత్వం లైను. సొంత కబుర్లకి కాదు. ఇకమీదట ఫాల్టు ఉంటేనే ఫోన్ చెయ్యండి. అటువైపు వాళ్లకీ చెప్పండి."

నలభై దాటిన మనిషిని. చెవుల దాకా వేడెక్కింది. మర్నాడు పొద్దున్న చివరిసారిగా ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఇకనుంచి ఏదైనా ఫాల్టు ఉంటేనే చెయ్యాలట. ఆఫీసరు గారు చెప్పారు."

 "అలాగే మేడమ్," అన్నాడు. మళ్లీ మేడమ్ అయిపోయాను.

ఆ వానాకాలం నాకు బాగా గుర్తు. పందిరిమెట్టలో ఫాల్టులు రాలేదు. సోమన్న స్టేషన్‌ని అంత బాగా చూసుకునేవాడు. ఒక్క ఫాల్టు వస్తే బాగుండునని నేను కోరుకున్న రోజులున్నాయి. సాయంత్రాలు క్వార్టర్‌లో రేడియో పెట్టుకునేదాన్ని. వానకి అదీ సరిగా పలికేది కాదు. నాలో నేనే పైకి మాట్లాడుకుంటున్నానని ఒకరోజు గమనించి, పోపు వేస్తున్నదాన్ని చటుక్కున నోరు మూసుకున్నాను.

రాని వరస

వానలు వెనకపట్టే రోజుల్లో ఒక సోమవారం. ఆదివారం సెలవు, అందుకే సోమవారం ఫైల్లో శనివారం పొద్దుటి నుంచి వరసలుంటాయి. మీట నొక్కాను. ఒక్క వరస కూడా మిగల్లేదు. అన్ని స్టేషన్లూ శుభ్రం. ఆఫీసరు గారు కాగితం చూసి మొదటిసారి నవ్వుమొహంతో "వెరీ గుడ్ అండీ" అన్నారు.

తిరిగి వచ్చి ఫైళ్లు మూస్తున్నాను. అసలు ఫైలు మూయబోతూ చూస్తే దాని సైజు మామూలు సోమవారాల కన్నా కొంచెం తక్కువగా ఉంది. మెషిన్లు తక్కువ రాశాయంటే మంచిదే కదా. కానీ ఏవి తక్కువయ్యాయో తెలుసుకోవాలనిపించింది. టోపీ గుర్తు, ఒక్కో స్టేషన్ పేరు పెట్టి విడివిడిగా ఏరాను. అన్నీ మామూలే, పందిరిమెట్ట తప్ప. అక్కడ తలుపు వరసలు వెతికాను. చివరి వరస శనివారం పొద్దుటిది: తలుపు మూశారు. ఆ తర్వాత ఏమీ లేదు. శనివారమంతా, ఆదివారమంతా తలుపు తెరవలేదు.

నీళ్లు బయట. మరుగుదొడ్డి బయట.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఎంత గొప్ప ఎక్స్‌ప్రెషన్ కట్టినా అది ఉన్న వరసనే పట్టుకుంటుంది. రావాల్సి ఉండి రాని వరసని పట్టుకోలేదు. ఏది రావాలో ముందు మనకి తెలిసి ఉండాలి. నాకు సోమన్న రోజు ఎలా గడుస్తుందో తెలుసు కాబట్టి తెలిసింది. లేకపోతే ఆ ఫైలు మూసేసి భోజనానికి వెళ్లిపోయేదాన్ని.

సర్వీస్ ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరు గారి దగ్గరికి పరిగెత్తాను.

"తలుపు సెన్సర్ పాడై ఉంటుందండీ. వానల్లో మామూలే," అన్నారాయన.

"ఫోన్ కూడా ఎత్తడం లేదు సార్."

"ఎక్కడికో వెళ్లి ఉంటాడు."

"తలుపు తెరవకుండా ఎలా వెళ్తాడు సార్?"

"అదే చెబుతున్నాను కదండీ, సెన్సర్ పాడైందని. లింకు బాగుంది, రిపోర్టు శుభ్రంగా ఉంది. రెండో అతను బుధవారం వెళ్తాడుగా, చూస్తాడు. జీపు ఇవాళ ఖాళీ లేదు."

ఆయన చెప్పింది అడ్డగోలు మాటేం కాదు. సెన్సర్లు పాడవడం నేనూ చాలాసార్లు చూశాను. అయినా సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆయన ఏదో అంటున్నారు, వినలేదు.

మనుషుల్ని ఎక్కించుకునే సర్వీసు జీపులో, సంత మూటల మధ్య ఇరుక్కుని మెట్టవలస దాకా వెళ్లాను. పందిరిమెట్ట కిందున్న ఊరు అది. మొదటి ఇంటి ముందు ఒకామె కాఫీ మొక్కల మీద నీడ ఎక్కువైన కొమ్మలు నరుకుతోంది. పేరు కొండమ్మ. పైన స్టేషన్ సోమన్న తెలుసా అని అడిగాను.

"తెల్దేటి? పెతి సంతకీ దిగుతాడు. మొన్న సంతకి రానేదు. డూటీ వొగ్గి ఎల్లిపోనాడేమో అనుకున్నాం." నా మొహం చూసి కత్తి దించింది. "ఏటైంది తల్లీ?"

చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు. మొగుణ్ణి, ఇంకో ఇద్దరిని కేకేసింది. "బేగి రండి, గునపం అట్టుకు రండి," అంది.

ఆ కొండ నేను ఎలా ఎక్కానో సరిగా చెప్పలేను. జారుడు మట్టి, జలగలు, చెప్పులు చేత్తో పట్టుకున్నాను. కొండమ్మ నా మోచెయ్యి వదల్లేదు. మధ్యలో ఒకచోట ఊపిరందక కూర్చుండిపోతే, "నీకేటవుతాడు ఆడు?" అని అడిగింది.

"తమ్ముడు," అన్నాను.

నా జరీ అంచు చీర చూసి, నా యాస విని ఆమె నమ్మలేదనుకుంటాను. అయినా తల ఊపింది.

పైన తలుపు లోపల గడియ పెట్టి ఉంది. మెషిన్లు చక్కగా హోరుమంటున్నాయి, దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే మంచం పక్కన నేల మీద ఒక మనిషి ఒంటి మీద గోనెపట్టాలు కప్పుకుని పడి ఉన్నాడు. గునపంతో గడియ ఊడదీశారు. సన్నటి మనిషి, పొట్టి, నేను ఊహించుకున్నట్టు అస్సలు లేడు. ఒళ్లు కాలిపోతోంది. మలేరియా, తలకెక్కింది. పెదాలు పగిలి నెత్తురు గట్టింది. కొండమ్మ నీళ్లతో అతని నోరు తడిపింది.

"తమ్ముడూ," అన్నాను.

కళ్లు తెరవలేదు. కానీ ఆ గొంతుకి మొహం ఇటు తిరిగింది. "అప్పా, ఫాల్టు ఏదీ నేదు గదా," అన్నాడు. "ఫాల్టు నేకండా ఎలా సేత్తానని..."

మిగతాది అర్థం కాలేదు. అర్థమైనంత వరకూ చాలు. ఫోన్ అతని తలకి రెండు బారల దూరంలో గోడకి ఉంది.

దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేశారు. మనుషులు భుజాలు మార్చుకుంటూ దించారు. మెట్టవలసలో ఒక మిరియాల వ్యాపారి వ్యాను దొరికింది. అరకు ఆసుపత్రిలో సూది వేసి, ఇక్కడ కాదని విశాఖ పెద్దాసుపత్రికి పంపించారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడు.

తర్వాత

సోమన్న బతికాడు. వినికిడి పోయింది. జ్వరం వల్లనో, దానికి ఇచ్చిన మందు వల్లనో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి దాదాపుగా.

ఆఫీసరు గారు రిపోర్టులో సెన్సర్ పాడైందని రాయమన్నారు. నేను జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఆయన ముందుంచాను. చాలాసేపు చూశారు. చింపేస్తారనుకున్నాను. "నాకూ ఒక తమ్ముడున్నాడండీ," అని చిన్నగా అని తనూ సంతకం పెట్టారు. ఆ కాగితం వల్ల ఆయనకి మాట పడిందని తర్వాత విన్నాను. భయస్తులు కూడా ఒక్కోసారి నిలబడతారు. అందుకే ఎవరి గురించీ మొదటి ఏడాదిలో తీర్పు చెప్పకండి. సర్వీస్ ఫోన్ మీద పెట్టిన ఆజ్ఞని కూడా ఆయనే తీసేశారు. మర్నాటి నుంచి ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పందిరిమెట్టలో కొత్తగా వేసిన అతను "ఓకే మేడమ్" అని పెట్టేసేవాడు.

తలుపు వరసల్ని నేను మళ్లీ ఫైల్లో ఉంచాను. రిపోర్టులోకి కాదు, నా కోసం. మనిషి ఒంటరిగా ఉండే స్టేషన్‌లో పూటకి ఒక్కసారైనా తలుపు తెరుచుకుందా అని పొద్దున్నే ముందు అది చూసి, తర్వాతే మిగతా పని మొదలుపెట్టేదాన్ని. నా తర్వాత వచ్చిన వాళ్లకి కూడా అదే నేర్పాను. కొన్నేళ్లకి స్టేషన్లలో మనుషులే అక్కర్లేకుండా పోయింది.

సోమన్నని మైదాన ప్రాంతంలో స్టోర్సు ఆఫీసుకి మార్చారు. సామాన్లు లెక్కపెట్టే పని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అక్కడికి వెళ్లేముందు భార్యతో కలిసి అరకు వచ్చాడు. విశాఖ వెళ్లే బండి ఎక్కాలి. రైల్వే స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం, అతను మధ్యలో. ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. అతను పెద్ద గొంతుతో మాట్లాడుతున్నాడు, తన మాట తనకి వినబడదు కాబట్టి. ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మే వాళ్లు తిరిగి చూస్తున్నారు.

"అప్పా, నీ మొగం నాకు కొత్త. నీ గొంతుకే నాకు తెలుసు. అది మర్సిపోతానేమో అని బయ్యిం ఏత్తంది. ఏదోటి మాటాడు."

ఏం మాట్లాడను? మొదలుపెట్టాను. టీ తాగానని చెప్పాను. మబ్బు ఎక్కడుందో చెప్పాను. కొండమ్మ కాఫీకి ఈసారి మంచి కాపు వచ్చిందని చెప్పాను. కూతుర్ని లెక్కల దగ్గర కూర్చోబెట్టి చదివించమని చెప్పాను. అతను నా పెదాలకేసి కళ్లార్పకుండా చూస్తూ, అప్పుడప్పుడూ తల ఊపుతున్నాడు. ఎంత అందిందో నాకు తెలియదు. బండి వచ్చి ఆగింది. జనం ఎక్కారు. అతని భార్య మూట అందుకుని లేచింది. అతను మాత్రం లేవలేదు. గార్డు ఈల వేసేదాకా నేను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాను.